గోపురానికిచ్చిన డబ్బుతో కారుతున్న కప్పు బాగు చేయించవచ్చా? కతోలిక విచారణ (పారిష్) కొత్త కోశాధికారికి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విచారణ ఆర్థిక కమిటీలోకి కొత్తగా తీసుకుని కోశాధికారి పని అప్పజెప్పారు. చేతికి వచ్చింది ఒక బ్యాంకు ఖాతా, ఒక లావుపాటి నోటు పుస్తకం. దేవాలయం కప్పు కారుతోంది. ఖాతాలో ఉన్నదాంట్లో సగానికి పైగా గంట గోపురం బాగు చేయించమని జనం ఇచ్చిన డబ్బు. దాన్ని ఇప్పుడు కప్పుకు వాడేసి తర్వాత సర్దొచ్చా? అసలు ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సూటిగా చెప్తాను. గోపురం డబ్బు కప్పుకు వాడకూడదు. ఫలానా పనికని విశ్వాసులిచ్చిన కానుక ఆ పనికే ఖర్చు కావాలని 1983 నాటి తిరుసభ (కతోలిక సభ) చట్టంలో 1267వ కానన్ (నియమం) మూడో పేరా చెబుతోంది. గురువుగారు (ఫాదర్) సరేనన్నా, కమిటీ మొత్తం ఒప్పుకున్నా అది మారదు. ఇక మొదలుపెట్టడం అంటారా, రెండు పనులు ఒకేసారి మొదలుపెట్టండి. ఈ ఆదివారం నుంచి వచ్చే ప్రతి కానుకకూ వచ్చిన క్షణంలోనే అది దేనికో రాయండి. ఈ వారంలోనే తెలిసిన పనివాణ్ణి కప్పు దగ్గరికి పంపి నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో చూపించండి. మిగతావన్నీ వీటి తర్వాతే.

(నేను చెప్పే కానన్లు లాటిన్ సభవి. తూర్పు సంప్రదాయ కతోలిక సభలకు 1990లో వేరే చట్టం వచ్చింది. మీరు అటువైపు వాళ్లైతే అంకెలు మారతాయి.)

గోపురం డబ్బుకు దారులు

పూర్తిగా దారి మూసుకుపోలేదు. మొదటిది, ఇచ్చినవాళ్లనే అడగడం. పేర్లు తెలిసిన దాతల దగ్గరికి వెళ్లి, కప్పు పరిస్థితి చెప్పి, "మీ కానుకను కప్పుకు వాడుకోవచ్చా" అని అడిగి, ఒప్పుకున్నవాళ్ల దగ్గర సంతకంతో ఒక చీటీ తీసుకోండి. ఒప్పుకోని వాళ్ల డబ్బు గోపురం కిందే ఉంటుంది. పెద్ద మొత్తాలిచ్చిన పదిమందితో మాట్లాడితే సాధారణంగా చాలా భాగం తేలిపోతుంది. హుండీలో పడ్డ పేర్లులేని సొమ్ము సంగతి వేరు. బలిపూజలో (మాస్) "ఇది గోపురానికి" అని ప్రకటించి పట్టిన కానుక గోపురానిదే, రసీదు లేకపోయినా. దాన్ని మార్చాలంటే మేత్రాసనానికి (బిషప్ కార్యాలయానికి) లిఖితపూర్వకంగా రాయాల్సిందే.

రెండో దారి చాలామందికి తట్టదు. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో ముందు తేల్చండి. కప్పు వచ్చి గోపురం గోడను కలిసే మూల అన్ని దేవాలయాల్లోనూ బలహీనమైన చోటు. అక్కడ గోడలోకి గాడి తీసి దూర్చిన రేకు పైకి లేచిపోయినా, గోడ సున్నం రాలి సందు పడినా, గోపురం మీద పడ్డ వానంతా గోడ వెంబడి జారి లోపలికి వస్తుంది. కారుడు అక్కడిదే అయితే ఆ రేకు, ఆ గోడ మరమ్మతు గోపురం పనే. ఇంజినీరు రాతపూర్వకంగా "ఈ భాగం గోపురానిది, ఈ భాగం కప్పుది" అని కొలతలతో విడదీసి ఇస్తే మొదటి భాగం ఖర్చు గోపురం నిధి మీద న్యాయంగా పడుతుంది. కాగితం లేకుండా నోటిమాటతో మాత్రం చేయకండి.

"ఇప్పుడు వాడి తర్వాత సర్దుతాం" అనేది నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం. సర్దే తారీఖు ఎవరూ రాయరు, గురువుగారు బదిలీ అవుతారు, కమిటీ మారుతుంది, మూడేళ్లకు ఆ అప్పు సంగతి తెలిసినవాళ్లే ఉండరు. తప్పనిసరైతే మేత్రాసనం రాతపూర్వక అనుమతి, నెలనెలా ఎంత తిరిగి వేస్తారో పట్టిక, రెండూ ఉంటేనే.

ఇకముందు చందా పిలుపు ఇచ్చేటప్పుడు మాట మార్చండి: "గంట గోపురం మరమ్మతులకు, మిగిలితే దేవాలయ భవనం ఇతర మరమ్మతులకు." ఆ రెండో ముక్క కవరు మీద అచ్చులో ఉండాలి, ప్రకటనలో చదవాలి. ఈ చిక్కు మళ్లీ రాదు.

ఖాతాలో ఉన్నదంతా ఖర్చుకు ఉన్నట్టు కాదు

మీ నోటు పుస్తకంలో తేదీ, వివరం, రాబడి, ఖర్చు, నిల్వ అని అయిదు గళ్లుంటాయి. దాంతోనే అసలు గొడవ. నిల్వ ఒక్కటే కనిపిస్తుంది, అందులో ఎవరి వాటా ఎంతో కనిపించదు. ఒక ఉదాహరణ చూడండి. బ్యాంకులో 100 ఉందనుకుందాం. అందులో గోపురానిది 55. ప్రపంచ మిషన్ ఆదివారం నాడు పట్టి ఇంకా మేత్రాసనానికి పంపనిది 8. ఇంకా చేయాల్సిన పూజలకు ముందుగా తీసుకున్న కానుకలు 7. హాలు అద్దెకిచ్చి తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్లు 5. మీరు స్వేచ్ఛగా ఖర్చు పెట్టగలిగేది 25. నిల్వ గడిలో 100 చూసి పని ఒప్పుకుంటే మిగతా 75 ఎవరిదో మీరు వాడేసినట్టే.

ప్రతి నిధికీ వేరే బ్యాంకు ఖాతా అక్కర్లేదు. పుస్తకంలో నిధికో గడి చాలు. సాధారణ నిధి, భవన నిధి, ఫలానా పనికి వచ్చిన నిధులు (ఒక్కోటి విడిగా), పేదల నిధి, పూజ కానుకలు, మేత్రాసనానికి పంపాల్సినవి. నెలాఖరున గళ్లన్నీ కూడితే బ్యాంకు నిల్వ, చేతి నగదు కలిపినంత రావాలి. రాకపోతే ఆ నెలలోనే వెతకండి. ఆర్నెల్లు పోతే దొరకదు.

పవిత్ర భూమి కోసం పవిత్ర శుక్రవారం పట్టే కానుక, జూన్ 29 ప్రాంతంలో పట్టే పేతురు కానుక (పోపుగారికి పంపేది), అక్టోబరు చివరి ఆదివారానికి ముందు ఆదివారం వచ్చే మిషన్ ఆదివారం కానుక, ఇవేవీ విచారణ ఆదాయం కావు. మీ చేతుల్లోంచి దాటిపోయే సొమ్ములు. పట్టిన పది రోజుల్లో మొత్తం పంపేయండి. "ఖర్చులు పోను మిగిలింది" పంపడం తప్పు.

పాత పుస్తకం ఎలా విడదీయాలి? మూడేళ్లు వెనక్కి వెళితే చాలు. ప్రకటనల పుస్తకం, పండుగ కరపత్రాలు, రసీదు పుస్తకాల అడుగు ప్రతులు ఎదురుగా పెట్టుకుని, దేనికని పట్టారో ఒక్కో పెద్ద మొత్తానికీ ఎదురుగా రాయండి. తేలనివి "దేనిదో తెలియనివి" అని ఒక జాబితా చేసి గురువుగారి సంతకంతో కమిటీ ముందు పెట్టండి. ఊహించి నింపకండి.

ఆదివారం కానుకల లెక్కింపు

డబ్బు పోయేది ఎక్కువగా పళ్లానికీ పుస్తకానికీ మధ్యనే. దొంగతనమే అయి ఉండాలని లేదు. చిల్లరకని తీసి రాయకపోవడం, అందులోంచే పూలవాడికి ఇచ్చేయడం, సోమవారం బ్యాంకు సెలవని ఇంట్లో ఉంచడం.

నేను గట్టిగా పట్టుబట్టేది ఈ వరస: కానుక బలిపీఠం దగ్గరికి చేరాక పూజ ముగిసేదాకా అందరికీ కనబడే చోటే ఉండాలి. ముగియగానే ఇద్దరు కలిసి వరస నంబరున్న సంచిలో పోసి మూతి సీలు వేయాలి. లెక్కింపు ముగ్గురితో. ఆ ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, వారం వారం మనుషులు మారాలి. బల్ల మీద కానుక తప్ప ఇంకేమీ ఉండకూడదు, సొంత సంచులు పక్కన పెట్టేయాలి. నోట్లు విలువ వారీగా కట్టలు కట్టి, ఒకరు లెక్కపెట్టింది రెండోవారు మళ్లీ లెక్కపెట్టి, లెక్క కాగితం మీద సంచి నంబరు, ఒక్కో విలువకు ఎన్ని నోట్లు, మొత్తం రాసి ముగ్గురూ సంతకం పెట్టాలి. కొట్టివేత ఉంటే పక్కన పొడి సంతకాలు. కాగితం రెండు ప్రతులు: ఒకటి డబ్బుతో, ఒకటి నేరుగా మీ దగ్గరికి.

అక్కడినుంచి అసలు సూత్రం ఒకటే. లెక్కపెట్టినవాళ్లు బ్యాంకులో వేయకూడదు, బ్యాంకులో వేసినవాళ్లు పుస్తకం రాయకూడదు. లెక్క కాగితం మీద మొత్తం, బ్యాంకు చీటీ మీద మొత్తం ఒకటే ఉండాలి, పైసా తేడా లేకుండా. అంటే కానుక సొమ్ములోంచి నేరుగా ఏ ఖర్చూ పెట్టకూడదు. తర్వాతి పనిదినాన మొత్తం బ్యాంకుకు పోవాలి.

చిన్న ఖర్చులకు విడిగా ఒక నిలకడ మొత్తం పెట్టుకోండి, ఒక నెల చిల్లర ఖర్చులకు సరిపడా. పెట్టెలో ఉన్న నగదు, ఖర్చు చీటీలు కలిపితే ఎప్పుడు చూసినా ఆ మొత్తమే రావాలి. తగ్గినంత చెక్కుతో మళ్లీ నింపాలి. చీటీ లేని ఖర్చు ఆ పెట్టెలోంచి పోకూడదు. ఒకవేళ ఆటోవాడు రసీదివ్వకపోతే ఖర్చు పెట్టినవాళ్లే కాగితం మీద తేదీ, పని, మొత్తం రాసి సంతకం చేసి పెట్టాలి.

చెక్కులకు రెండు సంతకాలు. ఖాళీ చెక్కు మీద ముందే సంతకం పెట్టించుకోవడం చాలాచోట్ల అలవాటుగా ఉంది: "ఫాదర్ గారు ఊరెళ్తున్నారు, నాలుగు చెక్కుల మీద సంతకం పెట్టి వెళ్లండి." అలా చేస్తే రెండో సంతకానికి అర్థమే ఉండదు. నెలవారీ బ్యాంకు సరిచూత చెక్కు మీద సంతకం లేని మూడో మనిషి చేయాలి. ఆన్‌లైన్ బదిలీలకూ ఇదే పద్ధతి: ఒకరు నమోదు, వేరొకరు ఆమోదం, ఎవరి పాస్‌వర్డు వారి దగ్గరే.

హుండీలు, కొవ్వొత్తుల పెట్టె, పేదల పెట్టె మర్చిపోతుంటారు. వాటికి రెండు తాళాలు వేసి, తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచండి. నెలకోసారి కాదు, వారానికోసారి తెరవండి. నిండిన పెట్టె దొంగను పిలుస్తుంది.

పూజ కానుకలు విచారణ డబ్బు కాదు

కొత్త కోశాధికారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఒక ఉద్దేశం కోసం పూజ చేయమని ఇచ్చిన కానుక ఆ పూజ చేసిన గురువుది. పూజ అయ్యేదాకా అది విచారణ దగ్గర ఉన్న బాకీ. ఒక్కో ఉద్దేశానికి ఒక్కో పూజ (కానన్ 948). గురువు రోజుకు ఎన్ని పూజలు చేసినా, క్రిస్మస్ రోజు తప్ప, ఒక్క కానుకే తన దగ్గర ఉంచుకోవచ్చు. రెండో పూజ కానుక మేత్రాసనం చెప్పిన పనికి పోవాలి (951). ఆదివారాలు, నియమ పండుగల్లో (పూజకు తప్పక రావాల్సిన పండుగలు) విచారణ ప్రజల కోసం చేసే పూజకు కానుక తీసుకోకూడదు (534). ఏడాదిలో చేయలేనన్ని ఉద్దేశాలు ఒక గురువు ఒప్పుకోకూడదు (953).

దీనికి వేరే పుస్తకం ఉండటం చట్టం విధించిన నియమం (958). ఎన్ని పూజలు, ఏ ఉద్దేశం, ఎంత కానుక, ఎప్పుడు చేశారు, ఈ నాలుగూ రాయాలి. ఏటా మేత్రాసనం దాన్ని తనిఖీ చేయాలి. "చేసిన తేదీ" గడి ఖాళీగా ఉన్న వరసల మొత్తమే పైన నేను చెప్పిన 7. ఆ మొత్తం నిధి గడిలో సరిపోతోందా లేదా నెలకోసారి చూడండి.

పదిమంది ఉద్దేశాలు కలిపి ఒకే పూజ చేయడం గురించి 1991లో రోమ్ నుంచి ఉత్తర్వు వచ్చింది, 2025లో కొత్త ఉత్తర్వుతో ఆ నియమాలు మారాయి. ఇచ్చినవాళ్లకు ముందే తెలియాలి, ఒప్పుకోవాలి.   గురువు ఒక కానుక మొత్తమే తీసుకుని మిగతాది మేత్రాసనం చెప్పిన పనికి పంపాలి. ఇలా చేసేచోట ఆ మిగతా సొమ్మే లెక్కకు అందకుండా పోతుంటుంది. దానికో గడి పెట్టండి.

జ్ఞానస్నానం, వివాహం, సమాధి ప్రార్థనలప్పుడు వచ్చే కానుకలు వేరు. అవి విచారణ నిధికే చేరాలి, దాత గురువుగారికేనని స్పష్టంగా చెబితే తప్ప (531). కవరు అందుకునేటప్పుడే "దేవాలయానికా అండీ, ఫాదర్ గారికా?" అని అడిగి కవరు మీద రాయండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో మనస్పర్థలను ఆపుతుంది. స్తోమత లేనివాళ్లకు సంస్కారాలు ఆగకూడదన్నదీ చట్టమే (848). రుసుముల పట్టిక గోడకు అతికించేముందు ఆ మాట గుర్తుండాలి.

ఎవరి హద్దు ఎక్కడ

దస్తావేజు ఎవరి పేరున ఉన్నా తిరుసభ చట్టం దృష్టిలో ఆస్తి విచారణది. విచారణ తరఫున సంతకం చేసేది, నిర్వహించేది విచారణ గురువు (532). ప్రతి విచారణలోనూ ఆర్థిక మండలి (మీరున్న కమిటీ) ఉండి తీరాలి (537). పాస్టరల్ కౌన్సిల్ (విచారణ సేవా కార్యాలపై సలహా మండలి) మాత్రం మేత్రాణులు (బిషప్) అవసరమనుకున్నచోటే. ఆర్థిక మండలిది సలహా. మీ ఓటుతో గురువుగారిని కట్టేయలేరు. కానీ మీ అభ్యంతరం మినిట్స్‌లో రాయించే హక్కు మీకుంది, అది చిన్న విషయం కాదు.

గురువుగారి సంతకానికీ హద్దుంది. మామూలు నిర్వహణను మించిన పనికి మేత్రాసనం నుంచి ముందే రాతపూర్వక అధికారం లేకపోతే ఆ పని చెల్లదు (1281). ఏది మించినదో ప్రతి మేత్రాసనం ఒక పత్రంలో రాసి పెట్టుకోవాలి: ఫలానా మొత్తం దాటిన ఖర్చు, అప్పు తీసుకోవడం, స్థలం అమ్మడం, దీర్ఘకాలం అద్దెకివ్వడం లాంటివి. మీరు అడిగి తెచ్చుకోవాల్సిన మొదటి కాగితం అదే. కప్పు పని ఆ హద్దు దాటుతుందేమో చూడండి. దాటితే బిల్లును మూడు ముక్కలు చేసి హద్దు లోపల ఇరికించే ఆలోచన ఎవరైనా చెబితే ఒప్పుకోకండి; పని ఒకటైతే మొత్తం కూడా ఒకటే. 2021 డిసెంబరు 8 నుంచి అమల్లో ఉన్న సవరణల్లో, తప్పనిసరి సంప్రదింపులు, అనుమతులు లేకుండా ఆస్తి అమ్మడం, నిర్వహణ పనులు చేయడం శిక్షార్హమైన నేరమైంది (1376). తీవ్రమైన నిర్లక్ష్యం కూడా.

కాంట్రాక్టరుతో తగాదా వచ్చినా మేత్రాసనం రాతపూర్వక అనుమతి లేకుండా విచారణ పేరుతో కోర్టుకెక్కకూడదు (1288). పనివాళ్ల జీతాలు, సెలవులు, బీమా సంగతి దేశ చట్టం ప్రకారం నడవాలి (1286). ఉపదేశి, కాపలామనిషి, ఊడ్చేవాళ్లు ఇరవై ఏళ్లుగా "సేవ"గా చేస్తున్నారని ఒప్పంద కాగితం లేకుండా వదిలేయడం వాళ్లకు అన్యాయం, విచారణకు ముప్పు.

ఇక కప్పు

లోపల మరక ఉన్నచోట పైన రంధ్రం ఉండదు. నీళ్లు దూలం మీదో, వాసం మీదో జారి, అడ్డం తగిలిన చోట చుక్క కడతాయి. మరక నుంచి వాలు వెంబడి పైకి వెతకాలి. వాన పడుతున్నప్పుడు టార్చి పట్టుకుని కప్పు కిందున్న అటకలోకి వెళ్లి చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష. వాన లేకపోతే గొట్టంతో నీళ్లు పట్టండి, కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో చోట 10 నుంచి 15 నిమిషాలు. లోపల ఒక మనిషి చూస్తూ ఉండాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు కిందికంతా పారి ఎక్కడిదో తెలియదు.

తప్పు ఎక్కువగా దొరికేది ఈ చోట్ల: రెండు వాలులు కలిసే లోయ కాలువ, ఆకులు, పావురాల గూళ్లతో మూసుకుపోయిన నీటి కాలువ, గోడా కప్పూ కలిసే మూల, జారిన పెంకు, రేకు బోల్టు కింద ఎండి చిట్లిన వాషరు, డాబా అయితే నీళ్లు పోయే తూము చుట్టూ. చాలాసార్లు కప్పు మొత్తం మార్చాలని అంచనా వచ్చినచోట కాలువ శుభ్రం చేసి, పది పెంకులు, ఒక రేకు మారిస్తే కారుడు ఆగుతుంది. అందుకే అంచనాకు ముందు కారణం రాతలో కావాలి.

తారు పూత, సిలికాన్ వానాకాలం గట్టెక్కడానికి పనికొస్తాయి, అంతకుమించి కాదు. ఆ పూత కింద చిక్కిన నీరు కర్రను పుచ్చబెడుతుంది, బయటికి కనబడదు.

నీళ్లు కప్పు దిగాక ఏమవుతున్నాయో కూడా చూడండి. గొట్టం గోడ మొదట్లోనే వదిలేస్తుంటే పునాదికి తేమ ఎక్కుతుంది. కనీసం ఒక మీటరు అవతలికి పారేలా చేయండి. బయటి నేల మట్టం లోపలి నేల కంటే 15 సెంటీమీటర్లైనా కిందుండాలి. ఏళ్ల తరబడి మట్టి, పూలమొక్కల మడులు, సిమెంటు చపటా పేర్చుకుంటూ పోయి ఆ తేడా పోతుంది. పాత దేవాలయం గోడ సున్నంతో కట్టిందైతే మీద సిమెంటు పూయొద్దు. సున్నం గోడ తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపల బంధిస్తుంది. రెండు మూడేళ్లలో ఉప్పు పొంగి పూత పొరలుగా ఊడుతుంది, లోపలి సున్నం పిండైపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీకి ఎక్కువిచ్చినా తక్కువే.

ఎత్తైన కప్పు మీదికి యువతను స్వచ్ఛందంగా ఎక్కించకండి. బీమా, రక్షణ తాడు ఉన్న పనివాళ్లనే పిలవండి.

పనికి మూడు కొటేషన్లు తీసుకోండి, ముగ్గురికీ ఒకే కొలతల పట్టిక ఇచ్చి. లేకపోతే పోల్చలేరు. గురువుగారి బంధువులు, కమిటీ సభ్యుల బంధువులు పోటీలో ఉంటే ఆ సభ్యుడు ఆ చర్చలోంచి లేచి వెళ్లాలి, ఆ మాట మినిట్స్‌లో ఉండాలి. డబ్బు పని కొలిచి విడతలుగా ఇవ్వండి, కనీసం పదో వంతు ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచండి. ఆ షరతు ఒప్పందంలోనే రాయాలి.

గోపురం, గంటలు

గోపురం డబ్బు గోపురానికే అన్నాం కాబట్టి, అక్కడేం చూడాలో కూడా చెప్తాను. ముందు పావురాల రెట్ట. పొడిగా ఊడిస్తే ఆ ధూళి ఊపిరితిత్తులకు జబ్బు తెస్తుంది. నీళ్లు చల్లి తడిపి, మాస్కు పెట్టుకుని ఎత్తాలి, తర్వాత కిటికీలకు వల. గబ్బిలాలుంటే ఆగండి, చాలా దేశాల్లో వాటికి చట్టరక్షణ ఉంది.

గంట వేలాడే చట్రం బోల్టులు, ఇరుసులు, నాలుక వేలాడే పట్టీ ఏడాదికోసారి చూడాలి. చట్రం చివరలు గోడలోకి దిగిన చోట కొత్త పగుళ్లుంటే గంట ఊపడం ఆపి ఇంజినీరును పిలవండి. నాలుక దశాబ్దాలు ఒకేచోట కొట్టి గుంట పడితే గంటను పావు వంతు తిప్పి బిగిస్తే కొత్త చోటు దొరుకుతుంది. మోగే గంట ఉన్నట్టుండి బొంగురుపోతే పగులు ఉండొచ్చు, మోగించడం ఆపేయండి. మామూలు వెల్డరు చేత అతికించకండి. గంట కంచులో దాదాపు అయిదో వంతు తగరం ఉంటుంది, పెళుసు లోహం. అదుపు లేకుండా వేడి తగిలితే ఆ పగులే పెరుగుతుంది. గంటకు రంగు కూడా వేయొద్దు, నాదం చస్తుంది.

పిడుగు తీగ ఉందా, ఉంటే నేలలోకి దిగిన చోట తెగిందా చూడండి. భూమి నిరోధం 10 ఓమ్‌లకు లోపు ఉండాలి. కొలత ఎండాకాలంలోనే వేయించండి, నేల ఎండినప్పుడే అసలు స్థితి తెలుస్తుంది.

కరెంటు, మంటలు, పవిత్ర వస్తువులు

పండుగ దీపాలు, సౌండ్ సిస్టమ్, పంకాలు ఒకే లైను మీద పడినప్పుడు పాత వైర్లు వేడెక్కుతాయి. పండుగకు ముందు రోజు అన్నీ ఒక గంట వేసి ఉంచి ప్లగ్గులు, బోర్డు మూత తాకి చూడండి. వెచ్చగా ఉంటే లైను విడదీయించాలి. లీకేజీ కరెంటు ఆపే స్విచ్ మీద పరీక్ష బటన్ మూడు నెలలకోసారి నొక్కండి. అయిదేళ్లకోసారి లైసెన్సున్నవాళ్లతో వైరింగు పరీక్ష. కొవ్వొత్తుల స్టాండు ఇసుక పళ్లెంలో, తెరలకు, పూలకు ఒక మీటరు దూరంలో ఉండాలి.

బంగారు పూత ఉన్న పాత్రలను గరుకు పొడితోనో, ఆమ్లాలతోనో తోమకూడదు, పూత పోతుంది. మెత్తటి గుడ్డ చాలు. దివ్యసత్ప్రసాద పేటిక తాళంచెవి పూలగుత్తి వెనక దాచే అలవాటు మాన్పించండి. దాన్ని అతి జాగ్రత్తగా కాపాడాలని చట్టమే చెబుతోంది (938). పాత స్వరూపాలకు (విగ్రహాలకు) పండుగ వచ్చిందని కొత్త ఎనామెల్ రంగు వేయించే ముందు ఆగండి. వయసు వల్ల, కళ వల్ల, ఆరాధన వల్ల విలువైన స్వరూపాలను బాగు చేయడానికి మేత్రాసనం రాతపూర్వక అనుమతి కావాలి (1189). ఒకసారి ఎనామెల్ ఎక్కితే అసలు రంగు తిరిగి రాదు.

ఆస్తుల జాబితా ఉందా? స్థలాలు, భవనాలు, విలువైన వస్తువులు, వాటి వర్ణన, విలువ రాసి, ఒక ప్రతి విచారణలో, ఒకటి మేత్రాసనంలో ఉండాలి (1283). ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి, అడుగున ఉన్న గుర్తులు కూడా తీయండి. పోయిన పాత్ర దొరికినప్పుడు మీదని నిరూపించేది ఆ ఫోటోనే.

వచ్చే కప్పుకు ఇప్పటినుంచే

ఒక కాగితం మీద పెద్ద మరమ్మతులు రాయండి: కప్పు, వైరింగు, రంగులు, సౌండ్, గంట చట్రం. ఒక్కోదానికి ఇప్పటి ఖర్చు, ఇంకెన్నేళ్లు ఆగగలదు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఏడాదికి పక్కన పెట్టాల్సింది వస్తుంది. 240 ఖర్చయ్యే కప్పు 12 ఏళ్లు ఆగితే ఏడాదికి 20. అయిదేళ్లకే ఆగితే 48. ధరలు పెరుగుతాయి కాబట్టి ఏటా ఖర్చు గడి మార్చి మళ్లీ భాగించండి. ఇది బడ్జెట్‌లో జీతాలతోపాటు మొదటి వరసలో ఉండాలి. "మిగిలితే వేద్దాం" అన్న నిధిలో ఎప్పుడూ ఏమీ మిగలదు. దీనికి తోడు మూడు నెలల మామూలు ఖర్చులకు సరిపడా సొమ్ము కదపకుండా ఉంచండి. మిగులును మదుపు చేయాలంటే మళ్లీ మేత్రాసనం ఒప్పుకోలు (1284).

ఏడాది చివర లెక్క మేత్రాసనానికి పంపాలి, విశ్వాసులకూ వాళ్లిచ్చినదాని లెక్క చెప్పాలి (1287). నోటీసు బోర్డు మీద ఒక్క పేజీ: ఒక్కో నిధికి ఏడాది మొదట్లో ఎంత, వచ్చింది, పోయింది, చివర ఎంత. దాతల పేర్లు, మొత్తాలు వేయకండి, తక్కువ ఇవ్వగలిగినవాళ్లు చిన్నబోతారు. ఈసారి పేజీలో గోపురం వరస కింద మాత్రం ఒక వాక్యం అదనంగా రాయండి: "ఈ నిధి నుంచి కప్పు పనికి ఏమీ తీసుకోలేదు", లేదా "ఇంత మంది దాతల రాతపూర్వక అంగీకారంతో ఇంత తీసుకున్నాం" అని. అంగీకార చీటీలు, ఇంజినీరు కాగితం, మేత్రాసనం అనుమతి, కొలతల బిల్లు, పనికి ముందూ వెనుకా ఫోటోలు అన్నీ ఒకే కవరులో పెట్టి, ఇంకో సెట్టు మేత్రాసనం దస్త్రాల గదికి పంపండి.